మూలనున్న ఆ అమిగాను ఆపేముందు: అమెరికా కమ్యూనిటీ టీవీ కేంద్రాల్లోని తెలుగువారికి బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

మీ ఊరి కేబుల్‌లో వచ్చే, ఊరివాళ్లే కార్యక్రమాలు చేసుకునే పబ్లిక్ యాక్సెస్ చానల్‌కి మీలో కొందరు బోర్డు సభ్యులు, కొందరు సాంకేతిక కమిటీలో ఉన్నవారు, ఇంకొందరు శనివారాలు స్టూడియోకి వెళ్లి కెమెరా పట్టే వాలంటీర్లు. కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య ఊరి ప్రకటనలు తిప్పే పని మీ కేంద్రంలో ఇప్పటికీ కమొడోర్ కంపెనీ పాత కంప్యూటర్ అమిగాయే చేస్తుంటే, లేదా స్టూడియో బల్ల కింద వీడియో టోస్టర్ (కెమెరాల బొమ్మలు మార్చి, టైటిళ్లు వేసే అమిగా కార్డు) ఇంకా ప్లగ్గులో ఉంటే, ఈ ఉత్తరం మీకే.

"నడిచినన్నాళ్లు నడవనీ, ఎవరూ ముట్టుకోవద్దు" అనేది ఇలాంటి కేంద్రాల్లో ఎక్కడా రాసిపెట్టని రూలు. దాన్ని తీసేయమని బోర్డుల్లో ఉన్న మిమ్మల్ని అడుగుతున్నాం. కొత్త యంత్రం కొంటారో, పాతదాన్నే బాగుచేయించుకుంటారో మీ ఇష్టం. రెండింటిలో ఏది చేసినా ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి ఒక వరస ఉంది. వరస తప్పితే డిస్కులో ఉన్నది తిరిగి రాదు.

ఇండియాలో చదువుకుని వచ్చినవాళ్లకి ఈ యంత్రం పెద్దగా తెలిసి ఉండదు, అందుకు కారణమూ ఉంది. మన దేశంలో టీవీ పాల్ పద్ధతి. వీడియో టోస్టర్ కార్డు అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మాత్రమే తయారైంది. అమెరికాలో అమిగా టీవీ కేంద్రాల్లోకి రావడానికి అసలు కారణం దాని గడియారం. ఎన్‌టీఎస్‌సీ అమిగాలో ప్రధాన క్రిస్టల్ 28.63636 మెగాహెర్ట్జ్. టీవీ సిగ్నల్‌లో రంగులను మోసే తరంగం, అంటే సబ్‌కారియర్, 3.579545 మెగాహెర్ట్జ్‌కి అది సరిగ్గా 8 రెట్లు. ప్రాసెసర్ నడిచే 7.16 మెగాహెర్ట్జ్ అందులో నాలుగో వంతు. అంటే ఈ యంత్రం పుట్టుకతోనే టీవీ సిగ్నల్‌తో అడుగు కలిపి నడుస్తుంది. వెనకనున్న 23 పిన్నుల వీడియో కనెక్టర్‌లో మొదటి రెండు పిన్నులు బయటి గడియారాన్ని లోపలికి తీసుకోవడానికే ఉన్నాయి. అమిగా బొమ్మని బయటి వీడియోతో అడుగు కలిపి దాని మీద వేసే జెన్‌లాక్ పెట్టె అక్కడే పట్టుకుంటుంది. 1985లో మొదటి అమిగా, 1987లో అమిగా 2000 వచ్చాయి. 1990లో కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని న్యూటెక్ కంపెనీ టోస్టర్‌ని తెచ్చింది. నార్వే కంపెనీ స్కాలా ప్రకటనల పలకలు తిప్పే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. కేబుల్ ఇళ్లలో కార్యక్రమాల పట్టిక చూపిన ప్రివ్యూ గైడ్ కూడా పెద్ద కేబుల్ వ్యవస్థల హెడ్‌ఎండ్‌లో, అంటే చానళ్లన్నీ కలిపి ఇళ్లకి పంపే కేంద్రంలో, ఒక అమిగా మీదే నడిచేది. అది కూలినప్పుడల్లా ఎర్ర గడిలో "గురు మెడిటేషన్" అన్న మాట ఊరంతటి టీవీల్లో కనిపించేది. చిన్న కేబుల్ వ్యవస్థలకి అదే పట్టికను అటారీ హోమ్ కంప్యూటర్ల మీద నడిపారు. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ దివాలా తీసింది. మీ రాక్‌లో ఉన్న యంత్రం వయసు ఎంత తక్కువగా లెక్కేసినా ముప్పై చిల్లర ఏళ్లు.

అది ఇంకా అక్కడే ఎందుకుందో కూడా చూద్దాం. 1984 కేబుల్ చట్టం ప్రకారం కేబుల్ కంపెనీ ఊరికి కట్టే ఫ్రాంచైజీ ఫీజు దాని స్థూల ఆదాయంలో 5 శాతం దాటకూడదు. యాక్సెస్ చానళ్ల సౌకర్యాల మూలధన ఖర్చుకి ఒప్పందం ప్రకారం కంపెనీ ఇచ్చే డబ్బు ఆ 5 శాతం లెక్కలోకి రాదు. అందుకే చాలా ఊళ్లలో ఆ డబ్బుతో పరికరాలు కొనవచ్చు గానీ, జీతాలూ రిపేరు కూలీ వేరే పద్దులోంచి రావాలి. ఆ వేరే పద్దు ఎప్పుడూ ఖాళీ. ఫలితంగా యంత్రం పూర్తిగా చచ్చేదాకా ఎవరూ విప్పరు, చచ్చాక కొత్తది కొంటారు, మధ్యలో డిస్కులో ఉన్నదంతా పోతుంది. ఈ ఉత్తరంలో చెప్పే రీడర్లు, ఎడాప్టర్లు, డిస్కు ఎమ్యులేటర్లు అన్నీ వస్తువులే, కూలీ కాదు. మీ ఒప్పందంలో మూలధనం అంటే ఏమని రాసుకున్నారో నగర న్యాయవాదిని ఒకసారి అడిగి, ఆ పద్దు కిందే కొనండి.

ఇక పని. మొదటి మాట: యంత్రాన్ని ఆపకండి. ఏళ్ల తరబడి తిరుగుతున్న హార్డ్ డిస్కు వేడిగా ఉన్నంతసేపూ తిరుగుతుంది. చల్లారితే బేరింగుల్లో గ్రీజు బిగుసుకుంటుంది, లేదా హెడ్డు పళ్లేనికి అంటుకుంటుంది. ఆ కాలపు కొన్ని క్వాంటమ్ డిస్కుల్లో హెడ్డు ఆగే చోట ఉన్న రబ్బరు ముక్క జిగురులా కరిగిపోయి హెడ్డునే పట్టేసుకుంటుంది. దుమ్ము దులుపుదామని ఒక ఆదివారం స్విచ్ ఆపి, సోమవారం వేస్తే డిస్కు లేవకపోవడం ఈ యంత్రాల్లో తరచూ జరిగేదే.

కాబట్టి రాత్రి పూట, చానల్‌ని వేరే మూలానికి మార్చి, స్కాలా నుంచి బయటికి వచ్చి, నడుస్తున్న యంత్రంలోంచే కాపీ తీయండి. స్కాలా స్క్రిప్టులు, బొమ్మలు, ఫాంట్లు, స్టార్టప్ సీక్వెన్స్, యూజర్ స్టార్టప్, లిబ్స్, డెవ్స్ డైరెక్టరీలు ముందు. అమిగా 1200 అయితే పక్కనున్న పీసీఎంసీఐఏ గాడిలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకోవచ్చు, దానికి డ్రైవర్ ముందే వేయాలి. అమిగా 2000 అయితే సీరియల్ కేబుల్ వాడాలి. టెర్మినల్ ప్రోగ్రాంలో జడ్‌మోడెమ్ అనే ఫైళ్లు పంపే పద్ధతితో సెకనుకి 19,200 బిట్ల వేగం మీద 40 మెగాబైట్లు పంపడానికి సుమారు 6 గంటలు పడుతుంది. ఒక రాత్రి పని.

సీరియల్ కేబుల్ దగ్గర ఒక ప్రమాదం ఉంది. అమిగా 25 పిన్నుల పోర్టులో 9వ పిన్ను మీద ప్లస్ 12 వోల్టులు, 10వ దాని మీద మైనస్ 12 వోల్టులు వస్తాయి. 11, 18 పిన్నుల్లో ఆడియో ఉంటుంది. బజార్లో దొరికే 25 తీగల కేబుల్ నేరుగా గుచ్చితే ఆ వోల్టులు అవతలి యంత్రంలోకి పోతాయి. 2, 3, 4, 5, 7 పిన్నులు మాత్రమే కలిపిన కేబుల్ చేసుకోండి. 2ని 3తో, 4ని 5తో అడ్డం మార్చి, 7ని నేరుగా కలపాలి. ఏ కేబులైనా కరెంటు ఉండగా గుచ్చడం, పీకడం చేస్తే పోర్టులను నడిపే లోపలి 8520 చిప్పు కాలిపోవచ్చు. ఆ చిప్పు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. యంత్రాన్ని ఆపకండని చెప్పి మళ్లీ ఇదేమిటంటారేమో. సీరియల్ కేబుల్ ముందే గుచ్చి లేకపోతే ఈ దశ వదిలేసి ఫ్లాపీల మీదికే కాపీ తీయండి. ముఖ్యమైన స్క్రిప్టులూ ఫాంట్లూ కొద్ది ఫ్లాపీల్లో సరిపోతాయి, పెద్ద బొమ్మలు డిస్కు విప్పినప్పుడు చూసుకోవచ్చు.

ఇంత అయ్యాక ఆపి, మూత తీసి, డిస్కు బయటికి తీయండి. అమిగా 2000లో సాధారణంగా 50 పిన్నుల స్కజీ డిస్కు, 4000లో ఐడీఈ; ఇవి డిస్కుని కంప్యూటర్‌కి కలిపే రెండు పద్ధతులు. స్కజీ కార్డున్న లినక్స్ పీసీకి తగిలించి, పాడవుతున్న డిస్కులని చదివే డీడీరెస్క్యూ ప్రోగ్రాంతో పూర్తి ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి అచ్చు కాపీ ఒకే ఫైలుగా, తీయండి. మొదటి విడతలో మొండి సెక్టార్లను వదిలేసి బాగున్నవన్నీ లాగేయనివ్వండి, రెండో విడతలో మిగిలినవాటి మీద ప్రయత్నించనివ్వండి. ఎక్కడిదాకా చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టండి, మధ్యలో ఆగినా అక్కడినుంచే మొదలవుతుంది. విండోస్ పీసీకి తగిలిస్తే "డిస్కును ఇనీషియలైజ్ చేయమంటారా" అని అడుగుతుంది. పొరపాటున సరే అన్నారంటే డిస్కు మొదట్లో ఉన్న అమిగా విభజన పట్టిక మీద రాసేస్తుంది. వద్దు అనండి, లేదా విండోస్‌నే దూరంగా ఉంచండి. లినక్స్ కెర్నల్‌కి అమిగా విభజన పట్టికా తెలుసు, ఫైల్ సిస్టమూ తెలుసు. ఇమేజ్ వచ్చాక దాన్ని పీసీలోనే అమిగాలా నడిచే విన్‌యూఏఈ లేదా ఎఫ్‌ఎస్‌యూఏఈ ఎమ్యులేటర్‌లో పెట్టి బూట్ చేసి చూడండి. అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ తెర కనిపించేదాకా కాపీ తీశామని బోర్డుకి చెప్పకండి.

ఫ్లాపీల డబ్బా ఎక్కడో అల్మరాలో ఉంటుంది. 880 కిలోబైట్ల ఈ ఫ్లాపీలను పీసీ ఫ్లాపీ కంట్రోలర్ చదవలేదు, ట్రాక్‌కి 11 సెక్టార్లు ఖాళీ లేకుండా రాసే పద్ధతి వేరు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న యూఎస్‌బీ బోర్డూ, మామూలు పీసీ 3.5 అంగుళాల డ్రైవూ ఉంటే చాలు. సరిగ్గా చదివిన ప్రతి ఫ్లాపీ 9,01,120 బైట్ల ఇమేజ్ అవుతుంది. కాపీ రక్షణ ఉన్న సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలకి ఇది చాలదు, ఫ్లాపీ మీది అయస్కాంత గుర్తులని ఉన్నదున్నట్టు పట్టే ఫ్లక్స్ ఇమేజ్ కూడా తీసి ఉంచండి. డ్రైవ్‌లో పెట్టేముందు షట్టర్ పక్కకి జరిపి వెలుతుర్లో చూడండి. బూజు మచ్చలుంటే డ్రైవ్ హెడ్డు పాడై, తర్వాత పెట్టే ప్రతి ఫ్లాపీనీ అది గీకుతుంది. అలాంటివి వేరుగా పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే చివర్లో చదవండి.

ఇప్పుడు బ్యాటరీ. అమిగా 2000, 3000, 4000 మదర్‌బోర్డుల మీద గడియారం కోసం పీపా ఆకారంలో ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది, 3.6 వోల్టులు. ఇది కారుతుంది. కారిందా లేదా అన్న ప్రశ్నే లేదు, ఎంత దూరం పాకిందన్నదే చూడాలి. అమిగా 2000లో అది ప్రాసెసర్ పక్కనే ఉంది. కారింది మొదట 68000 చిప్పు సాకెట్ కాళ్లను తింటుంది, తర్వాత చుట్టుపక్కల సన్న రాగి దారులను. బోర్డు మీద ఆకుపచ్చ పూత నల్లబడి పొక్కినట్టు, చిప్పు కాళ్ల దగ్గర నీలం తెలుపు పొడి పూసినట్టు కనిపిస్తుంది. యంత్రం అప్పుడప్పుడు బూట్ కాకపోవడం, తెర పచ్చగానో బూడిద రంగులోనో ఆగిపోవడం మొదలైతే అనుమానం ముందు ఇక్కడే పెట్టుకోండి.

కత్తెర ప్లయర్‌తో రెండు కాళ్లూ కోసేసి బ్యాటరీ తీసేయండి. పాడైన చోట తెల్ల వెనిగర్‌ని దూది పుల్లతో రాయండి. కొందరు కార్ బ్యాటరీ అలవాటుతో వంటసోడా చల్లుతారు. అది ఆమ్లానికి విరుగుడు. ఇక్కడ కారేది క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్, దానికి పులుపే కావాలి. నురగ ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్‌తో కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. సాకెట్ కాళ్లు పచ్చబడి ఉంటే తుడిచినా లాభం లేదు, సాకెట్ మార్చాలి. తెగిన దారులను మల్టీమీటర్ బీప్‌తో వెతికి సన్న ఎనామెల్ తీగతో కలపండి. కొత్త గడియారానికి సీఆర్2032 నాణెం బ్యాటరీ పెట్టుకోవచ్చు, కానీ అది ఛార్జ్ చేయకూడని రకం. పాత బ్యాటరీని ఛార్జ్ చేసిన సర్క్యూట్ అలాగే ఉంటుంది గనక ఒక డయోడ్ వరసలో పెట్టి దారి మూసేయాలి. డయోడ్ లేకుండా పెడితే మళ్లీ కారడమే, ఈసారి ఇంకో రసాయనం.

గడియారమే లేకుండా నడిపితే ఏమవుతుందంటే, ప్రకటనల షెడ్యూల్ తప్పుతుంది. అమిగా కాలాన్ని 1978 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. బ్యాటరీ చచ్చిన యంత్రం బూట్ అయినప్పుడు పాత తేదీ చూపిస్తుంది, గడువు తీరిన రక్తదాన శిబిరం ప్రకటన మళ్లీ తెర మీదికి వస్తుంది. మార్చిలో, నవంబరులో మారే డే లైట్ టైమ్ దానికి ఎలాగూ తెలియదు, చేత్తో మార్చాల్సిందే. ఆ రెండు ఆదివారాలూ ఎవరి డ్యూటీయో గోడ మీద రాసి పెట్టండి.

కెపాసిటర్ల సంగతి యంత్రాన్ని బట్టి ఉంటుంది. అమిగా 2000లో కాళ్లున్న పాత రకం ఉంటాయి, అవి ఓర్చుకుంటాయి. 1992లో వచ్చిన 600, 1200, 4000 మోడళ్లలో బోర్డుకి అతికించిన చిన్న అల్యూమినియం డబ్బాలు, అవే శత్రువులు. శబ్దం సన్నబడిపోయి ఒక చానల్ మాయమవడం మొదటి గుర్తు, ఎందుకంటే కారిన ద్రవం మొదట చేరేది ఆడియో ఆంప్లిఫయర్ చిప్పు ఎల్‌ఎఫ్347 చుట్టూ. తర్వాత బొమ్మ మసకబారుతుంది, సింక్ తడబడుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే చేపల వాసన వస్తే అది లోపలి ద్రవమే. వాటిని మెలిపెట్టి పీకే వీడియోలు చూసి అలా చేయకండి. ద్రవం తిన్న ప్యాడ్లు డబ్బాతో పాటే ఊడొస్తాయి. ముందు కొత్త సీసం సోల్డర్ బాగా పోసి, రెండు ఐరన్లతో రెండు వైపులా ఒకేసారి వేడి చేసి పైకెత్తాలి. కొత్తవి పెట్టేటప్పుడు పాతవి ఏ దిక్కుగా ఉన్నాయో ఫోటో తీసుకోవడం మంచిదే, కానీ ఫోటోని గుడ్డిగా నమ్మకండి. 4000లో వచ్చే ఎ3640 ప్రాసెసర్ కార్డు కొన్ని రివిజన్లలో సీ105, సీ106, సీ107 ఫ్యాక్టరీలోనే తలకిందులుగా పెట్టి పంపారు. ప్లస్ ఎటుందో మీటర్‌తో చూసుకుని అతికించండి.

పవర్ సప్లై మార్చాలనుకునేవారికి ఒక మాట. అమిగా 2000 సప్లైలోంచి మామూలు వోల్టులతో పాటు కరెంటు 60 హెర్ట్జ్ లయని మోసే టిక్ అనే తీగ ఒకటి బోర్డుకి వస్తుంది. పీసీ ఏటీఎక్స్ సప్లైలో అది లేదు. మదర్‌బోర్డు మీద జే300 జంపర్‌ని నిలువు సింక్ వైపుకి మార్చకపోతే కాలం లెక్కపెట్టే ప్రోగ్రాములు కొన్ని కదలకుండా ఆగిపోతాయి. అప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. ఇప్పటి ఏటీఎక్స్ సప్లైల్లో మైనస్ 5 వోల్టులు కూడా రావు, మీ కార్డుల్లో దేనికైనా అది అవసరమేమో ముందే చూసుకోండి.

డిస్కు బదులు స్కజీ ఎమ్యులేటర్ బోర్డు మీద ఎస్‌డీ కార్డు, లేదా 4000లో ఐడీఈ ఎడాప్టర్ మీద కాంపాక్ట్ ఫ్లాష్ పెట్టండి. కార్డు ఎంత పెద్దదైనా విభజనలన్నీ మొదటి 4 గిగాబైట్ల లోపలే ఉంచండి. అమిగాని లేపే కిక్‌స్టార్ట్ రోమ్ చిప్పుల్లో 3.1, అంతకుముందువి దాని అవతల రాస్తే చుట్టు తిరిగి డిస్కు మొదట్లోనే రాస్తాయి, అంతా పోతుంది. ఐడీఈలో ఇంకో మెలిక: విభజన సెట్టింగుల్లో మ్యాక్స్ ట్రాన్స్‌ఫర్ (ఒక్కసారికి ఎంత చదవాలన్న హద్దు) విలువ 0ఎక్స్1ఎఫ్‌ఈ00 అని పెట్టకపోతే చిన్న ఫైళ్లు బాగానే చదివి, పెద్ద బొమ్మలు మాత్రం సగంలో చెడిపోతాయి. కార్డు చెడ్డదనుకుని ఇంకోటి కొంటారు, అదీ అలాగే చేస్తుంది.

బొమ్మ బయటికి వెళ్లే దారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రం తిట్లు తినేది ఇక్కడే. చానల్ ఇప్పుడు సర్వర్ ద్వారా పోతోంది గనక అమిగా కాంపోజిట్‌ని (ఒకే తీగలో వచ్చే పాత అనలాగ్ వీడియో) ఎవరో ఎస్‌డీఐ (స్టూడియో డిజిటల్ వీడియో) కన్వర్టర్‌కి కలిపి ఉంటారు. బొమ్మ వస్తుంది, కాసేపటికి నల్లగా అయిపోతుంది, మళ్లీ వస్తుంది. కన్వర్టర్ మారుస్తారు, అదే తంతు. కారణం ఇది: ఇంటర్‌లేస్ (ఒక్కో బొమ్మని సరి, బేసి గీతలుగా విడగొట్టి రెండు ఫీల్డుల్లో పంపే పద్ధతి) లేని తెరల్లో అమిగా ఒక్కో ఫీల్డ్‌కి పూర్తి సంఖ్యలో గీతలు పంపుతుంది, ప్రమాణం అడిగే 262.5 రాదు. పాత సీఆర్‌టీ టీవీ దాన్ని పట్టించుకోలేదు. డిజిటల్ కన్వర్టర్ మాత్రం అది ఎన్‌టీఎస్‌సీయే కాదంటుంది. స్కాలాలో ప్రతి పేజీనీ, మామూలు వర్క్‌బెంచ్ తెరని కూడా, ఇంటర్‌లేస్‌లో పెట్టండి. ఒక్క పేజీ మరిచిపోయినా ఆ పేజీ వచ్చినప్పుడల్లా చానల్ మిణుకుతుంది. అంతటితో కుదరకపోతే మధ్యలో ఫ్రేమ్ సింక్రొనైజర్ (సిగ్నల్ వేళని సర్ది మళ్లీ పంపే పెట్టె) పెట్టండి, కేంద్రం స్టోర్‌లో అలాంటి పనే చేసే పాత టైమ్ బేస్ కరెక్టర్ ఒకటి ఎలాగూ ఉంటుంది.

నలుపు స్థాయి కూడా ఒకసారి చూడండి. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో నలుపు 7.5 ఐఆర్‌ఈ (వీడియో వెలుతురు స్థాయి కొలత) దగ్గర ఉండాలి. అమిగా పక్కనున్న ఎన్‌కోడర్ సున్నా దగ్గర పెట్టి, కన్వర్టర్ 7.5 అనుకుని తీసేస్తే ముదురు రంగులన్నీ ఒకే నల్ల ముద్ద అవుతాయి. బూడిద మెట్ల బొమ్మ ఒకటి వేసి సిగ్నల్ స్థాయి చూపే వేవ్‌ఫామ్ మానిటర్‌లో చూస్తే తప్పెక్కడో వెంటనే తెలుస్తుంది.

23 పిన్నుల కనెక్టర్ చెడితే దుకాణంలో దొరకడం కష్టం. 25 పిన్నుల దాన్ని రెండు పిన్నుల మేర హాక్‌సా బ్లేడుతో కోసి, చివర ఎపాక్సీతో మూసి వాడుకోవచ్చు.

మన సంఘాల ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ప్రకటనలు తెలుగులో ఇదే యంత్రం మీద వేయాలనుకునేవారు ఉంటారు. స్కాలాకి యూనికోడ్ తెలియదు, అక్షరాలు టైపు చేయడం కుదరదు. పీసీలో బొమ్మగా చేసి పంపాలి. హైరెస్ ఇంటర్‌లేస్ తెర 640 × 400, కానీ దాని పిక్సెల్ చదరం కాదు, వెడల్పు ఎత్తులో 7కి 6 వంతులే. 549 × 400లో రాత వేసి, అడ్డంగా 640కి సాగదీస్తే తెర మీద అక్షరాలు సరైన గుండ్రంతో వస్తాయి. అలా చేయకపోతే "అ" కోడిగుడ్డులా నిలబడుతుంది. అమిగా 2000, 3000ల్లో ఈ తెర మీద 4,096 రంగుల్లోంచి 16 మాత్రమే ఎంచుకోగలరు. నెట్‌పీబీఎం పొట్లంలోని పరికరాలతో 16 రంగులకి కుదించి అమిగా బొమ్మల ఫైలు రకం ఐఎల్‌బీఎంగా మార్చవచ్చు. జెన్‌లాక్ మీద వేసే బొమ్మ అయితే వెనక భాగం సున్నా నంబరు రంగుగా ఉండాలి, దాని చోటే వీడియో కనిపిస్తుంది.

ఫాంటు విషయంలో మా మాట వినండి: పుస్తకాల ఫాంటు వాడకండి. తలకట్టు గీత ఒక్క పిక్సెల్ మందం ఉంటే అది ఒక ఫీల్డ్‌లో ఉంటుంది, మరో దానిలో ఉండదు, సెకనుకి 30 సార్లు వణుకుతుంది. అడ్డగీతలు కనీసం 2 పిక్సెళ్లు, వీలైతే 3 ఉండే బొద్దు ఫాంటు తీసుకోండి. కింద వత్తులకి చోటు కావాలి గనక ఇంగ్లిష్ పేజీలో 8 వరసలు పట్టే చోట తెలుగు 5 వరసలే రాయండి. ముదురు నీలం మీద పసుపు తెలుపు రాత బాగా నిలబడుతుంది, ఎరుపు మీద ఏ రాతా నిలబడదు, కాంపోజిట్‌లో అంచులు కరిగిపోతాయి. నాలుగు వైపులా పదో వంతు ఖాళీగా వదలండి.

టోస్టర్ గురించి ఒక్క పేరా చాలు. దాని నాలుగు ఇన్‌పుట్లూ ఒకే సింక్‌లో రావాలి, అంటే జెన్‌లాక్ లేని ప్రతి కెమెరాకీ, ప్రతి టేప్ డెక్కుకీ ఒక టైమ్ బేస్ కరెక్టర్ కావాలి. ఇప్పటి కెమెరాలని దానికి కలపడానికి కొనే పెట్టెల ఖరీదుకి చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్చర్ వస్తుంది, దాని ప్రతి ఇన్‌పుట్‌లో ఫ్రేమ్ సింక్ లోపలే ఉంటుంది. టోస్టర్‌ని స్విచ్చర్‌గా ఉంచడంలో మాకు అర్థం కనిపించదు. దాని 752 × 480 ఫ్రేములూ లైట్‌వేవ్ (టోస్టర్‌తో వచ్చిన 3డీ బొమ్మల ప్రోగ్రాం) సీన్ ఫైళ్లూ మాత్రం ముందు భద్రపరచండి. మీ ఊరి పాత కార్యక్రమాల టైటిళ్ల మూలాలు అవే.

చివరికి తీసేయాలనే నిర్ణయిస్తే, ప్రకటనల పలకకి రాస్ప్‌బెరీ పై ఒకటి సరిపోతుంది. కేబుల్ కంపెనీ ఇంకా ఎస్‌డీ సిగ్నలే తీసుకుంటుంటే దాని కాంపోజిట్ అవుట్‌నే ఎన్‌టీఎస్‌సీకి పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: రూట్ ఫైల్ సిస్టమ్‌ని చదవడానికి మాత్రమే ఉండేలా ఓవర్‌లే పెట్టండి. అమిగా తీగ పీకినా పాడవకుండా ఫ్లాపీలోంచి లేచేది. ఎస్‌డీ కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే పై మళ్లీ లేవకపోవచ్చు. పాతదీ కొత్తదీ ఒక నెల పక్కపక్కనే నడిపి, ఆ తర్వాతే మార్చండి.

తీసేసిన యంత్రాన్ని ఈ-వేస్ట్ బండికి ఇవ్వకండి. నగరం మిగులు వస్తువుల వేలం నియమాల కింద పెట్టండి, బాగుచేసేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. వేలానికి ముందు డిస్కు తీసి కేంద్రంలోనే ఉంచండి, అందులో వాలంటీర్ల ఫోన్ నంబర్ల జాబితాలు ఉండవచ్చు. పార్సిల్ చేస్తే కార్డులన్నీ విప్పి విడిగా చుట్టండి. స్లాటులోనే ఉంచి పంపిన టోస్టర్ దారిలో ఊగి వీడియో స్లాటునే విరగ్గొడుతుంది. ఇంకొకటి, స్కాలా కొన్ని వెర్షన్లు నడవాలంటే జాయ్‌స్టిక్ పోర్టులో ఒక చిన్న డాంగిల్, అంటే సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవి లాంటి ముక్క, ఉండాలి. బొటనవేలంత ఉండే ఆ ముక్కని పాత ఆటల సామాను అనుకుని పారేస్తుంటారు. దానికి ఈ రోజే ఒక చీటీ కట్టి, ఫ్లాపీల డబ్బాలో పెట్టండి.

ఇట్లు,
పాత అమిగాలు బాగుచేసే కొందరు తెలుగు ఇంజనీర్లు